మూడొందల సబ్బుల ఇల్లు

సబ్బుల మావయ్య చేసేది టైలరు పని, పిచ్చి మాత్రం పాత సబ్బుల మీద. బీరువాలో మూడొందలున్నాయి, ఒక్కదానికీ నీటిచుక్క తగల్లేదు. అంటురోగమొచ్చి కొట్లలో సబ్బులు నిండుకున్నా, "ప్రాణం పోయినా ర్యాపరు చింపను" అన్నాడు. అత్తయ్య పళ్లు నూరుకుంటూ పొయ్యి బూడిదతో చేతులు తోముకుంది.

ఆన్‌లైన్ వేలంలో మాత్రం తాతలనాటి సబ్బొకటి పెట్టాడు. అందరూ ప్రాణాలు అరచేత పట్టుకున్న ఆ రోజుల్లోనూ ఒకాయన పోటీపడి పాడుకున్నాడు.

"చూశావా, రసికుడంటే ఈయనే!" అని మావయ్య మురిసిపోయాడు.

మర్నాడు ఆ రసికుడు మాస్కుతో వచ్చి, సబ్బు అందుకోబోయి చటుక్కున ఆగాడు. "ఇంత అపురూపమైనదాన్ని మురికి చేతులతో ముట్టుకోకూడదు. కాస్త సబ్బుంటే ఇప్పిస్తారా?"

మావయ్య గబుక్కున బీరువాకి అడ్డంగా నిలబడ్డాడు.

"మూడొందలున్నాయి బాబూ!" లోపల్నుంచి అత్తయ్య అరిచింది. "కడుక్కోవాలంటే మాత్రం బూడిదే, ఇలా రండి!"