బావ తుమ్మని రోజు

మా బావ కుర్చీలు చేసే కార్ఖానాలో ఇరవై రెండేళ్లు రంపం బల్ల దగ్గర నిలబడ్డాడు. కరెంటుతో గిర్రున తిరిగే రంపం అది. చెక్కను చేతులతో దాని మీదికి తోయాలి. ఆయన కోతలో వెంట్రుకవాసి తేడా ఉండదని పేరు. పనివాళ్లు మాత్రం ఆయన్ను తుమ్ముల మేస్త్రి అనేవాళ్లు. ఎర్రచెక్క కోసిన రోజు ఆ పొట్టు ముక్కులోకి పోయిందంటే వరసపెట్టి పదో పన్నెండో తుమ్మాల్సిందే. కళ్ల వెంట నీళ్లు ధారకట్టేవి.

ఒకసారి తుమ్ముతూ చెక్క వదిలేశాడు. అది ఎగిరి వెళ్లి గోడకు కొట్టుకుంది. ఓనరు మంచివాడే కానీ మొహమాటం లేని మనిషి. బల్ల దగ్గర ఇంకొక్కసారి తుమ్మితే పాలిషు గదికి మారుస్తానని తెగేసి చెప్పాడు. అక్కడ గుడ్డతో కుర్చీలు రుద్దడమే పని. బావకు రంపం దగ్గర తప్ప ఎక్కడా కాలు నిలవదు. మూడు రోజులు మా అక్కతో కూడా సరిగా మాట్లాడలేదు.

నేను అప్పుడే మందుల షాపులో చేరాను. అలెర్జీ బిళ్లలు తెచ్చి ఇచ్చింది నేనే. ఆ మహానుభావుడు వాటిని చొక్కా జేబులో దాచుకుని, ముక్కు దురద పుట్టాక బల్ల వదిలి బయటికి పరుగెత్తి ఒకటి మింగి, తుమ్ములు ఆగలేదని నన్ను తిట్టేవాడు. సుద్దముక్కలు అమ్ముకుంటున్నానట. ఓ ఆదివారం భోజనాల దగ్గర మళ్లీ అదే మాట అనేసరికి నాకు ఒళ్లు మండింది.

"బావా, నువ్వు చేసేది కుర్చీలే కదా, విను. పొట్టు లోపలికి పోగానే ఒంట్లో హిస్టమిన్ అనేది బయటికొస్తుంది. దానికోసం ముక్కులో, కళ్లలో కుర్చీలు వేసి ఉన్నాయనుకో. అది వచ్చి కూర్చుందా, దురద, తుమ్ములు, నీళ్లు. ఈ బిళ్ల ముందే వెళ్లి ఆ కుర్చీల్లో కూర్చుంటుంది. తర్వాత హిస్టమిన్ వచ్చినా చోటు దొరకదు. అది కూర్చుని రభస చేశాక నువ్వు తీరిగ్గా బిళ్ల మింగితే ఏం లాభం? పనికి గంట ముందు వేసుకో."

బావ అన్నం కలపడం ఆపాడు. "ఈ మాట ముందే చెప్పి ఏడవచ్చు కదరా," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే షాపుకు వచ్చాడు. మామూలుగా ఇచ్చే బిళ్లలు అయిపోయాయి. అదే పని చేసే పాతరకం ఇచ్చాను. నా కుర్చీల పాఠం ఆయనకు ఎక్కిందన్న సంబరంలో ఉన్నాను. పాతరకం మెదడులోకీ వెళుతుంది. అక్కడా అవే కుర్చీలు. కాకపోతే అక్కడ కూర్చునే హిస్టమిన్ మనిషిని మెలకువగా ఉంచుతుంది. దాని చోటు ఆక్రమిస్తే నిద్ర ముంచుకొస్తుంది. మిషన్ల మీద పనిచేసేవాళ్లకు ఈ సంగతి చెప్పకుండా ఇవ్వకూడదని నాకు చేరిన రోజే నేర్పారు. నేను చెప్పలేదు.

ఆ రోజంతా ఎర్రచెక్కే. పదకొండు దాటినా తుమ్ము రాలేదని, హాయిగా అనిపించిందని బావే తర్వాత చెప్పాడు. ఆ హాయిలోనే తల ఒక్కసారి ముందుకు వాలింది. ఎడమచేతి చూపుడువేలు మొదటి కణుపు దాకా పోయింది.

ఆసుపత్రిలో ఓనరు మంచం పక్కన నిలబడి ఏమైందని అడిగాడు. నేను కాళ్ల దగ్గర ఉన్నాను.

"తుమ్మొచ్చింది సార్," అన్నాడు బావ.

పాలిషు గది సంగతి ఓనరూ ఎత్తలేదు, బావా ఎత్తలేదు. ఇక అక్కడికే వెళ్లాలని ఇద్దరికీ తెలుసు. ఆయన వెళ్లాక ఎందుకలా చెప్పావని అడిగాను.

"బిళ్ల అంటే ఎవరిచ్చారంటారు. నీకు ఉద్యోగం వచ్చి నెల కాలేదు. పోయి మీ అక్కకు టీ పట్రా."

వెళ్లి తెచ్చాను. ఆరేళ్లయింది. బావ పాలిషు గదిలోనే ఉన్నాడు. నేను కౌంటరు దగ్గరే ఉన్నాను. పాతరకం బిళ్ల అడిగిన ప్రతివాణ్ణీ ఏం పని చేస్తారని అడుగుతాను. నీకెందుకని కొందరు కసురుకుంటారు. చెప్పేదాకా ఇవ్వను. అక్క మాత్రం ఇప్పటికీ బావ వేలు చూసినప్పుడల్లా ఆ తుమ్మునే తిడుతుంది.