పలాస బజారులో పెళ్లికూతురినయ్యాను

బండ్ల దగ్గర దారి రుసుం వసూలు చేస్తే బజారులో రద్దీ తగ్గి తీరుతుందని మా ఆయన వాదన. మన జనం ఏదో వంక వెతుకుతారని నా వాదన. ఓడినవాళ్లు నెలరోజులు వంట చేయాలని పందెం. పలాస బజారులో వర్తకులు అదే ప్రయోగం మొదలుపెట్టారని టెక్కలిలో ఉండే చెల్లెలు చెప్పగానే విశాఖలో రైలెక్కేశాను. ఉద్దానం సముద్రం కూడా చూడొచ్చు కదా!

రాత్రి చెల్లెలింట్లో ఉండి, మర్నాడు టెక్కలిలో తొమ్మిదింటి బస్సెక్కి పదికల్లా పలాసలో దిగాను. బజారు మీదుగా సముద్రం దాకా పోయి రావడానికి ఎనిమిది వందలకు అప్పన్న ఆటో కుదిరింది. ఒంటిగంట దాకా ఆ వీధిలోకి వచ్చే ప్రతి బండికీ ఇరవై రూపాయలు. పెళ్లి బళ్లకు మాత్రం మాఫీ. శుభమా అని పోయేవాళ్లను ఆపి డబ్బులడిగితే అరిష్టమట. అప్పన్న చకచకా ఆటోకి కొబ్బరి మట్టలు కట్టి, నా మెడలో బంతిపూల దండ వేశాడు.

“పెళ్లికూతురెవులు?” అన్నాడు రుసుం వసూలు చేసే పెద్దాయన.

“ఈవిడే!”

నాకు యాభై రెండేళ్లు. ఆయన ఎగాదిగా చూసి, “కాస్త ఆలీసమైనాది గానీ, శుభం. ఎల్లండమ్మా!” అన్నాడు.

లోపల చూద్దును కదా, ముందూ వెనకా అన్నీ పెళ్లి బళ్లే! జీడిపిక్కల బస్తాల ఆటోకీ మట్టలే. ఎదురుగా ఇంకో పెళ్లి ఆటో వచ్చి ఆగింది.

“ఎనక్కి తియ్యి బావా!” అన్నాడు అప్పన్న.

“పెళ్లి బండి ఎనక్కి పోతాదేటి? నువ్వే తియ్యి!”

అంతే, వీధి మొత్తం బిగుసుకుపోయింది. వంట తప్పిందని నాకు ఒకటే సంబరం.

ఇంతలో అలంకారమేమీ లేని కారులోంచి పట్టుపంచె కట్టుకున్న కుర్రాడు దిగాడు. “బాబూ, నాను నిజం పెళ్లికొడుకునండీ! ఇరవై రూపాయలూ కట్టినాను! ముహూర్తం దాటిపోతంది, దారివ్వండి!” అని చేతులు జోడించాడు. పాపం, నా సంబరం చప్పున చల్లారింది.

అప్పన్న గబగబా మట్టలు పీకేసి, “ఇప్పుడిది ఉత్త ఆటోయే,” అని వెనక్కి తీశాడు. మిగతావాళ్లూ పీకేశారు. నా దండ ఆ కారుకి కట్టి పంపించాం. పెద్దాయన పరుగున వచ్చి, “మట్టలు తీసేసినారు గదా, ఇరవై తియ్యండి!” అన్నాడు. అందరూ కట్టారు. మట్టలు లేని బళ్లు చకచకా కదిలిపోయాయి.

మధ్యాహ్నం కొబ్బరితోటల అవతల, సముద్రపు గాలిలో కూర్చుని మా ఆయనకు ఫోన్లో అంతా చెప్పాను, గెలుపు నాదేనన్న ధీమాతో. అంతా విని, “అందరూ డబ్బు కట్టాకే కదా రద్దీ వదిలింది?” అన్నాడు. నిజమే. కుర్రాడి గోడుకి వదిలిందని ఎంత వాదించినా వినలేదు. మీరు వెళ్తే మాత్రం ఆ ఇరవై ముందే కట్టేయండి. నేను ఇవాళ్టి నుంచీ రెండు పూటలా వండుతున్నాను.