గరిటె మూడుసార్లు మోగేదాకా

ఆ బట్టల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఒక పద్ధతి ఉండేది. పెద్ద వంటమనిషి రుచి చూసి, గరిటెను గిన్నె అంచుకు మూడుసార్లు తట్టేదాకా వడ్డన మొదలయ్యేది కాదు. పందొమ్మిదేళ్ళు ఆ తట్టు ఆమెదే. అందుకే అందరూ ఆమెను గరిటెమ్మ అనేవారు.

ఒకరోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. రుచి చూసి, తట్టింది కూడా. నాలుగు వందల పళ్ళేలు వెనక్కి వచ్చాయి. ఆమె కింద పనిచేసే తోడికోడలు, వరుసంతా వింటుండగా సూపర్‌వైజర్‌తో, "అక్క నాలుకకి రిటైర్మెంట్ వచ్చేసిందండీ" అంది. జనం నవ్వారు. మర్నాడు గరిటె తోడికోడలి చేతికి, అంట్లు తోమే పీచు గరిటెమ్మ చేతికి వచ్చాయి.

నవ్విన ముఖాలను ఆమె మరిచిపోయింది. ఆ మాటను మాత్రం మరవలేదు.

చాకుతో తెగిన వేలు నెల దాటినా మానకపోతే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఏం తింటున్నావని ఆవిడ అడిగింది. అంతమందికి వండాక తినబుద్ధి కాదని, రెండేళ్ళుగా చిక్కటి టీలో ముంచిన రొట్టెతోనే గడుపుతున్నానని చెప్పింది. పరీక్ష చేయిస్తే ఒంట్లో జింకు తగ్గిందని తేలింది. నాలుకకు రుచి తెలియాలన్నా, పుండు మానాలన్నా అది కాస్తయినా ఉండాలట. మాంసం, గుడ్లు, శనగలు, గుమ్మడి గింజలు తినమని, భోజనంతో టీ మానమని చెప్పి మాత్రలు రాసింది. మంచిదే కదా అని ఎక్కువ మింగితే అదీ చెరుపేనని హెచ్చరించింది.

గరిటెమ్మ చెప్పింది చెప్పినట్టు చేసింది. మూడో వారానికి వేలు మానింది. రెండో నెలలో నాలుక మేలుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తోమేముందు ప్రతి గిన్నె అడుగునా వేలు పెట్టి నాకి చూసేది. ఒకరోజు మాడు, ఒకరోజు పచ్చిపిండి. తోడికోడలి తప్పులన్నీ కడుపులో దాచుకుంది.

యజమాని వస్తాడనగా ముందురోజు సాయంత్రం స్టీలు గిన్నెలు చాలలేదు. తోడికోడలు నిమ్మరసం కలిపి, మొక్కలకు నీళ్ళు పట్టే జింకు పూత తొట్టిలో పోసి మూత పెట్టింది. పులుపు ఆ పూతను తినేస్తుందని గరిటెమ్మకు తెలుసు. నోరు విప్పలేదు. ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయింది.

పొద్దున ఒక చుక్క నాలుక మీద వేసుకుంది. తాళంచెవి చప్పరించినట్టుంది. ఒంటికి రవ్వంత చాలన్న జింకు ఇక్కడ తొట్టినిండా కరిగి ఉంది. అందరూ వాంతులు చేసుకుంటే తోడికోడలి పని ఖాయంగా ఊడుతుంది. కానీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డవాళ్ళు ఇన్నేళ్ళూ ఆమె వంట తిన్నవాళ్ళు. ఆమె కక్ష ఒక్క మనిషి మీదే.

మూత మీద చెయ్యి వేసి వరుసను ఆపింది. ఒక గ్లాసు ముంచి తోడికోడలికి ఇచ్చింది. తోడికోడలు గుక్కెడు తాగి మొహం ముడిచింది. యజమాని చూస్తున్నాడు.

"బాగానే ఉందిగా" అంది.

"అయితే మొత్తం తాగు."

తాగింది. గరిటెమ్మ మూత మీంచి చెయ్యి తీయలేదు. అరగంట కాకముందే తోడికోడలు తొట్టి పక్కనే వంగి వాంతి చేసుకుంది. సూపర్‌వైజర్ వేలితో రుచి చూసి ఉమ్మేశాడు. గరిటెమ్మ తొట్టిని కాలవలోకి వంపేసింది.

సాయంత్రానికి తేరుకున్న తోడికోడలు అడిగింది. "ముందే తెలిసీ చెప్పలేదేంటక్కా?"

"రిటైరైన నాలుక మాట ఎవరు వింటారే?" అని గరిటెమ్మ పీచు తీసి ఆమె ఒళ్ళో పడేసింది.

మర్నాడు గరిటె మూడుసార్లు మోగింది. మూడోది అంట్ల గది దాకా వినబడింది.