పైకప్పుకేసి చెవి ఒగ్గే మనిషి

ఆఫీసులో పాత ఈమెయిల్ పక్కనే కొత్తదీ పెట్టి, కొన్నాళ్లు రెండూ వాడి చూసే పని హెడ్ క్లర్కు నెత్తిన పడేశారు. ఆయనకి అన్నీ నింపాదే. ఒంటి వేలితో టైపు చేస్తాడు, మాటమాటకీ కళ్లజోడు సవరించుకుంటాడు. పొద్దున రాగానే పాతదాంట్లో "బావా, టీకి దిగుతున్నావా?" అని కొట్టి, పైకప్పుకేసి చెవి ఒగ్గి కూర్చుంటాడు. పై అంతస్తు క్యాషియర్‌తో చుట్టరికమేం లేదు, వరస కలుపుకున్నారంతే. మెయిల్ అందగానే ఆ క్యాషియర్ కుర్చీ వెనక్కి నెట్టిన కిర్రు కింద ఈయనకి వినబడేది. అదే జవాబు. క్యాషియర్ పోయి ఏడాది దాటింది. ఆ గదికి వేసిన తాళం వేసినట్టే ఉంది.

"కొత్తది బాగుందా అండీ? ఇక పాతది తీసేయనా?" అంటూ కంప్యూటర్లు చూసే అమ్మాయి వచ్చి మౌస్ అందుకుంది.

"కొత్తది కుదరదమ్మా. ఇదే ముక్క అందులో పంపితే, అలాంటి మనిషెవరూ లేరని ఠక్కున మొహం మీదే చెప్పేస్తోంది."

"మరి పాతది?"

"అది ఏమీ అనదు. ఇంకా చూసుకోలేదేమో అనుకోవచ్చు."

ఆ అమ్మాయి మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. కాసేపటికి తనూ పైకప్పుకేసి చెవి ఒగ్గింది.