ధనియాల కాఫీ

ధనియాలు వేగుతున్న వాసన వస్తే చాలు, ఏ పనిలో ఉన్నా నా చెయ్యి ఆగిపోతుంది. ఈ సాయంత్రం మా ఆవిడ మూకుట్లో ధనియాలు, సొంఠి ముక్క, నాలుగు మిరియాలు వేసి వేయిస్తోంది. అవి పొడి కొట్టి, నీళ్ళలో మరిగించి, పాలూ బెల్లమూ కలిపితే మా ఇంట్లో కాఫీ అదే. మరి కాసేపట్లో రూత్ అనే అమ్మాయి వస్తుంది. మా సంఘం తరఫున త్వరలో సువార్త సేవకు బయలుదేరుతోంది. బయటివాళ్ళు మమ్మల్ని మోర్మన్లంటారు. మాలో పెళ్ళికాని పిల్లలు చదువు పక్కనపెట్టి కొంతకాలం ఊరుకాని ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి దేవుడి మాట చెప్పి వస్తారు. ఎవరివో తలుపులు తట్టేముందు రూత్ మా తలుపు తట్టి నేర్చుకుంటుంది. తలుపు తీసి కసురుకునే మనిషి వేషం నాది. ఆ వేషం నాకు నేర్పినావిడ సుభద్రమ్మగారు. ఆవిడ మా మతం కాదు, మా కులం కాదు, మాకు చుట్టమూ కాదు.

మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు. మా తాత సుభద్రమ్మగారి మామగారి దగ్గర పాలేరు. మా నాన్న చదువుకుని బడిపంతులై, వాళ్ళ కొబ్బరితోట పక్కనే స్థలం కొని ఇల్లు కట్టాడు. వీధిలో కొందరు ముఖం చిట్లించారట. సుభద్రమ్మగారు మాత్రం మేం ఇంట్లో దిగిన రోజునే అరటిగెల పంపించి, గోడ మీదుగా మా అమ్మని పిలిచి ఏ పంపులో నీళ్ళు తియ్యగా ఉంటాయో చెప్పారట. పొడుగాటి మనిషి. గొంతు ఖంగుమనేది. కొడుకు సత్తిబాబుగారి కుటుంబం వెనక వాటాలో ఉన్నా వీధివైపు గుమ్మం మాత్రం ఆవిడదే. కరెంటు రీడింగ్ తీసే కుర్రాడైనా, కాయలు దింపే మనిషైనా, ఓట్లడగడానికి వచ్చిన నాయకుడైనా, ఆ గుమ్మంలో కాఫీ తాగకుండా గేటు దాటడానికి వీల్లేదు. నేను ఆవిడని మామ్మగారూ అంటూ, ఆవిడ చేతి కాఫీ తాగుతూ పెరిగాను.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు మా నాన్న పాత చర్చి వదిలి ఈ సంఘంలో చేరాడు. ప్రార్థనకి రాజమండ్రి దాకా బస్సులో వెళ్ళేవాళ్ళం. మా సంఘంలో టీ కాఫీలు తాగకూడదు. ఆ సంగతి ఆవిడకి చెప్పే పని, ఎంత అన్యాయమో చూడండి, నా నెత్తిన పడింది. బడి నుంచి రాగానే అలవాటుగా గ్లాసు అందించారు.

"వద్దండీ మామ్మగారూ. మేం మానేసేమండీ."

"మానేసేరా? ఏం, ఒంట్లో బాగోలేదా?"

"అది కాదండీ. మా చర్చిలో తాగకూడదండీ."

ఆవిడ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "మీ తాతకి ఈ ఇంట్లో గ్లాసు వేరే ఉండేదిరా. పశువుల పాక చూరులో పెట్టేవారు. నేను కాపరానికొచ్చేక తగువాడి అది తీయించేసేను. ఇప్పుడు నువ్వొచ్చి నా గ్లాసు వద్దంటున్నావు. బాగుందిరా నీ వరస!"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. మర్నాడు గోడ అవతల నుంచి కేక. "ఒరే జోయెలూ, ఇలా రా. ఇందులో కాఫీ గింజ ఒక్కటున్నా నీ చెప్పుతో నన్ను కొట్టు." అదే స్టీలు గ్లాసు. లోపల ధనియాల కాఫీ. నేను తాగుతుంటే నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడ్డారు. "ఎలా ఉంది?" అనడిగితే "ఆయ్, బాగుందండీ" అన్నాను. నిజానికి గొంతు మండిపోయింది. మిరియాలు ఎక్కువేశారు.

పంతొమ్మిదో ఏట నాకు సేవకు పిలుపు వచ్చింది. అవి మహమ్మారి రోజులు. విమానమెక్కి శిక్షణ కేంద్రానికి వెళ్ళాల్సినవాళ్ళం, ఇంట్లోనే లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. తెల్లచొక్కా, టై, జేబు మీద నల్లటి పేరుపలక, కెమెరాకి కనపడని చోట లుంగీ. సేవ నియమాల ప్రకారం స్నేహితులతో ఫోన్లు లేవు, సినిమాలు లేవు. సేవలో ఉన్న కుర్రాడిని ఎల్డర్ అని పిలవాలి, అంటే పెద్దాయన. "మీసం తిన్నగా రాలేదు, పెద్దాయనట!" అని సుభద్రమ్మగారు పొట్ట పట్టుకుని నవ్వారు. రోజూ ఒకరి తలుపు తట్టి, ముక్కూ మొహమూ తెలియనివాళ్ళకి చెప్పినట్టు పాఠం చెప్పి చూసుకోమని మా శిక్షకుడు చెప్పాడు. ఆ రోజుల్లో ఎవరు తలుపు తీస్తారు? మా అమ్మకి చెప్పబోతే నవ్వాపుకోలేకపోయేది. మా నాన్న పంతులు కదా, అడుగడుగునా తప్పులు దిద్దేవాడు. నా అవస్థ చూసి సుభద్రమ్మగారే అన్నారు. "నా తలుపు తట్టరా. నాకూ ఏం తోచట్లేదు. కానీ నన్ను మీలో కలవమన్నావో, ఊరుకోను. నా దేవుళ్ళు నాకున్నారు."

మొదటి రోజు తలుపు తీసి, నన్ను ఎగాదిగా చూసి, "చందాలు ఇయ్యం" అని ఢామ్మని వేసేశారు. నేను టై సర్దుకుంటూ అక్కడే నిలబడ్డాను. కిటికీలోంచి తల బయట పెట్టి, "అలా బిత్తరపోయి నిలబడితే కుక్కని ఉసిగొల్పుతారురా. నవ్వు. నవ్వి మళ్ళీ తట్టు" అన్నారు. ఇంకోరోజు తలకి తువ్వాలు చుట్టి తాగుబోతు అయ్యారు. ఆ తూలడం చూసి సత్తిబాబుగారు కంగారుపడి పరుగెత్తుకొచ్చారు. మరోరోజు తలుపు సందులోంచి "మా అత్తగారు ఇంట్లో లేరండీ" అని గొణిగే కొత్తకోడలు. వేషం ఏదైనా చివర్లో తిట్లు మాత్రం ఒకటే. "వచ్చిన దగ్గర్నించీ నీ గొడవే గానీ, ఈ ఇంట్లో ఎవరున్నారు, తిన్నారా, ఎలా ఉన్నారు, ఒక్క ముక్క అడిగేవట్రా? నువ్వేమైనా రేడియోవా?" ఆ తర్వాత అరుగు మీద ఇద్దరం ధనియాల కాఫీ తాగేవాళ్ళం. నా జీవితంలో అంత హాయిగా చదువుకున్న రోజులు మరి లేవు.

బయలుదేరే ముందు సాయంత్రం పాఠం, చనిపోయినవాళ్ళని మళ్ళీ కలుసుకోవడం గురించి. తలుపు తట్టాను. ఆవిడ తీసి, వెనక్కి వెళ్ళి పడక్కుర్చీలో కూర్చున్నారు.

"ఇవాళ ఎవరండీ మీరు?"

"ఇవాళ ఓ ముసలమ్మని. చెప్పు."

చెప్పాను. అప్పటికి నాకు పాఠం నోటికి వచ్చేసింది. ఎక్కడా తడబడలేదు. ఆవిడ మధ్యలో ఆపలేదు, తిట్టలేదు. అంతా విని, కొంగు అంచు నలుపుతూ అడిగారు. "ఒక తల్లికి అయిదేళ్ళ పిల్ల పోయిందనుకో. ఎప్పుడో, పడుచుతనంలో. ఆ తల్లి ముసలిదైపోయి పోతుంది. అక్కడ ఆ పిల్ల అయిదేళ్ళ పిల్లలాగే ఉంటుందా? ఈ ముడతల మొహం చూసి, అమ్మ అని గుర్తుపడుతుందా?"

"దేవుని ప్రణాళికలో కుటుంబాలు నిత్యం నిలుస్తాయండీ" అన్నాను.

"ఆయ్, అది ఇందాకే చెప్పేవు. గుర్తుపడుతుందా?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ఎందుకో భయం వేసింది. "మామ్మగారూ, ఇది ఆటేనాండీ?" అన్నాను.

 ఆవిడ ముఖం తుడుచుకుని, "ఆటేరా. ఆట కాకపోతే ఏమిటి. నీకు జవాబు వస్తుందో రాదో చూసేను" అని నవ్వేశారు. నేను హమ్మయ్య అనుకున్నాను. అనుకోవడమే కాదు, భలే చేశారండీ అని మెచ్చుకున్నాను కూడా. ఆవిడ లోపలికి వెళ్ళి చాలాసేపటికి తిరిగొచ్చి, "పాలు విరిగిపోయేయిరా, ఇవాళ్టికి లేదు" అన్నారు. మర్నాడు పొద్దున్నే నేను బస్సెక్కాను.

ఢిల్లీ దగ్గర ఒక ఊళ్ళో వేశారు నన్ను. అక్కడ నిజం తలుపులు, నిజం తిట్లు. అవేవీ నాకు కొత్త కాలేదు, ఆవిడ అంతకన్నా బాగా తిట్టారు కాబట్టి. వారానికోసారి, సోమవారం నాడు, ఇంటికి వీడియో కాల్ చేసుకోవచ్చు. ఆవిడ మా అమ్మ పక్కన కూర్చునేవారు. ఫోన్లో సగం మొహమే కనపడేది. "తిన్నావా? అక్కడ ధనియాలు దొరుకుతాయా?" ఎప్పుడూ ఇవే రెండు ప్రశ్నలు. ఒక సోమవారం ఆవిడ లేచి వెళ్ళాక మా అమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "పాపం రా, ఆవిడకి తొలిచూలు ఆడపిల్లట. అయిదేళ్ళు పెరిగి, జ్వరమొచ్చి పోయిందట. ఇన్నేళ్ళ నుంచీ పక్కపక్కనే ఉన్నాం, నిన్న మాటల్లో అనేవరకూ నాకే తెలీదు."

 ఆట కాదు. ఆ సాయంత్రం ఒక్కటే ఆవిడ ఆట ఆడలేదు. నాతో ఉన్న పెద్ద సేవకుణ్ణి అడిగాను, పుస్తకాలు తిరగేశాను. పసితనంలో పోయిన బిడ్డ పసిబిడ్డగానే లేస్తుందనీ, తల్లి అక్కడ ఆ బిడ్డని పెంచుకుంటుందనీ మా నమ్మకం. ఆవిడ నమ్మినా నమ్మకపోయినా, అడిగిన మాటకి జవాబు ఉంది. చెప్పాలి. కానీ ఇంటికి ఫోన్ సోమవారం నాడే. నియమం నియమమే. ఆ వారమంతా ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటూ బుద్ధిమంతుడిలా ఆగాను.

సోమవారం ఫోన్లో అమ్మ ఒక్కతే ఉంది. ముందురోజు రాత్రి సుభద్రమ్మగారికి గుండెనొప్పి వచ్చిందట. అమలాపురం తీసుకెళ్తుంటే దారిలోనే పోయారట. ఫోన్ పెట్టేశాక నేను గోడకి ఆనుకుని ఏడ్చాను. ఒక్క రోజు ముందుగా ఫోన్ చేసి ఉంటే నన్ను ఎవరు ఉరి తీసేవారు? అడిగితే బహుశా మా పెద్దలే సరేననేవారు. అడగాలని తోస్తేగా!

అందుకే తిరిగొచ్చి, పెళ్ళి చేసుకుని, అమలాపురంలో ఉద్యోగం చూసుకున్నాక, సేవకు వెళ్ళే పిల్లలకి నేను గుమ్మం అయ్యాను. ఆవిడ వేషాలన్నీ వేస్తాను. చివరి వేషం మాత్రం ఎప్పుడూ ముసలమ్మదే. ఆవిడ ప్రశ్న ఆవిడ మాటల్లోనే అడుగుతాను. పిల్లలు వాక్యాలు చదువుతారు. నాకు ఆలస్యంగా తెలిసిన ఆ జవాబు కొందరు టక్కున చెబుతారు. శభాష్ అంటాను, మా ఆవిడ గ్లాసులు తెస్తుంది.

రూత్ వచ్చింది. చందా అడగడానికి వచ్చారా అని కసిరితే నవ్వింది, తాగుబోతుని చూసి భయపడలేదు. ఆఖరికి నేను కుర్చీలో కూర్చుని కండువా అంచు నలుపుతూ అడిగాను. గుర్తుపడుతుందా?

ఆ అమ్మాయి వాక్యం చదవలేదు. కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుంది. "పాప పేరేంటండీ?" అని అడిగింది.

ఆ పేరు నాకు తెలీదు. రూత్ నా మొహం చూసి, "అంకుల్, ఇది ఆటేనాండీ?" అంది మెల్లిగా.

"కాదమ్మా" అన్నాను. అంత మాట నా నోట వస్తుందని నేనూ అనుకోలేదు. ఆ పిల్ల ముందే సత్తిబాబుగారికి ఫోన్ చేశాను. క్షేమసమాచారాలయ్యాక, మీ అక్కగారి పేరేమిటండీ అని అడిగాను.  "నేను పుట్టకముందే పోయిందిరా. అమ్మ ఎప్పుడన్నా అంటే పాప అనేది, అంతే. పేరు..." ఇంట్లోవాళ్ళని కేకేసి అడిగి, మళ్ళీ ఫోన్ అందుకున్నారు. "మేమెవరం అడగలేదురా జోయెలూ. ఇప్పుడు చెప్పేవాళ్ళు ఎవరూ మిగల్లేదు."

మా ఆవిడ గ్లాసులు తెచ్చి పెట్టింది. రూత్ ఒకటి అందుకుంది. నాది చల్లారిపోతున్నా తీసుకోలేకపోయాను. ఇన్నేళ్ళూ నేను ఆవిడకి జవాబు బాకీ పడ్డాననుకున్నాను. ఆ గుమ్మంలో రోజూ తిట్లు తిన్నది ఎందుకో మరిచిపోయాను. అన్నిసార్లు తట్టాను ఆవిడ తలుపు. ఆ ఇంట్లో ఎవరున్నారని మాత్రం అడగలేదు.