కొంగుముడితో చూసిన ఇంజను

ఆ రోజుల్లో మా దిక్కు ఆడపిల్ల కారెక్కడమంటే జన్మకు ఒక్కసారి, అదీ పెండ్లినాడు. మిగతా బతుకంతా ఎడ్లబండి, లేదంటే కాలినడక. ఇప్పుడు మా మనుమడు సందు చివర పాలప్యాకెట్టుకు కూడా కారు తీస్తుంటే నాకు లోపల్లోపల నవ్వొస్తుంది. వాడికి కారు నడపడం వచ్చు గానీ దాని బానెట్ ఎత్తి చూసిన పాపాన పోలేదు. నేను మాత్రం మొదటిసారి కారెక్కిన నాడే, ఒంటి మీద పసుపు ఆరకముందే, ఇంజను గుట్టంతా చూసినదాన్ని. (చదువంటారా, రెండో తరగతి. అదీ పంతులు మంచివాడు కాబట్టి.)

మా అవ్వగారిది, అంటే పుట్టినింటిది, హుజూరాబాద్ పక్క పల్లె. అత్తగారి ఊరు అక్కడికి రెండు మూడు కోసుల దూరం. నన్ను తోలుకపోవడానికి మా మామ ఒక మిల్లు సేటును బతిమాలి ఆయన నల్లటి పెద్ద కారు తెచ్చాడు. తోలేవాడు ముసలాయన, ఊరందరికీ చాచా. వెనక సీట్లో ఒక పక్క మా ఆయన, నడుమ నేను, నా పక్కన చిన్నత్త. చిన్నత్త అంటే మా అత్తకు తోడికోడలు. పిల్లి అడ్డమొచ్చినా, బల్లి అరిచినా అర్థం చెప్పేది కాబట్టి ఊళ్లో ఆమెను శకునాలమ్మ అనేవారు. నా కొంగుకూ మా ఆయన కండువాకూ ముడి వేసి ఉంది. అత్తగారింటి గడప దాటి దేవునికి మొక్కిన తర్వాతే అది విప్పాలి. అంతవరకూ ఆయన ఎటు పోతే నేనూ అటే, తలుగుకు కట్టిన లేగదూడలాగా.

ఏడుపులయ్యాయి, కారు కదిలింది. కదలగానే ముందు నుంచి ‘ధన్’మని ఒక దెబ్బ, తర్వాత కారంతా వణుకు. నా గాజులు గలగలా వాటంతట అవే మోగాయి. దారిలో ఎక్కడ ఆగినా ఇంతే. నిలబడితే వణుకు, కదిలితే ధన్. నేను కారు తీరే ఇంత కాబోలు అనుకున్నాను. శకునాలమ్మ అలా అనుకోలేదు.

“పిల్ల కాలు వెట్టుడేంది, కారు గిట్ల దడదడ ఒణుకుడేంది!” అన్నది. కొంచెంసేపు నా మొహం చూసి, “గీ పిల్లకు ఏదో గాలి సోకినట్టుంది. ఇంట్లకు రానియ్యకముందే గాలి ఇడిపిచ్చే కొండగట్టు దేవుని కాడికి తోల్కపోవాలె” అని తేల్చింది.

గడప తొక్కకముందే గాలి సోకిన కోడలని పేరు పడితే ఇక ఆ ఇంట్లో నా బతుకేమిటి? ఆ మాట మా ఊరికి చేరితే బాపు తలెత్తుకుని తిరుగుతాడా? గాజులు మోగకుండా రెండు చేతులూ ఒళ్లో అదిమిపెట్టుకుని కూర్చున్నాను, కారు వణుకును నేనే ఆపగలిగినట్టు.

అత్తగారి ఊరి ముందర నిటారుగా ఒక ఎత్తుగడ్డ ఉంది. పైన డప్పులు వినిపిస్తున్నాయి. చాచా గేరు మార్చి ఎక్కించబోయాడు. ధన్! ఆ వెంటనే కరకరమని చప్పుడు, ఇంజను ముందరి ఫ్యాను రెక్కలు పోయి రేడియేటర్‌ను గీరుతున్నాయి. ఆయన గబుక్కున ఆపి, కిందికి జారకుండా చక్రాల వెనక రాళ్లు పెట్టి, బానెట్ ఎత్తాడు.

“దుల్హా బాబూ, జర దిగు. నేను బ్రేకు తొక్కి కొద్దిగ గేరు మీద బలం పెడ్త, నువ్వు ఇంజను జూడు. పక్కకు నిలవడు, ముంగట నిలవడకు!”

మా ఆయన దిగాడు. ముడి లాగింది. నేనూ దిగాను.

“అయ్యో, ముడి ఇప్పకురా!” అని లోపలి నుంచి చిన్నత్త అరిచింది.

“ఇప్పలే చిన్నమ్మా, పిల్లనే తెచ్చుకుంటున్న” అన్నాడు ఆయన. చాచా పకపకా నవ్వి, “బిడ్డా, రెక్కలకు కొంగు తగలనియ్యకు. ముడి గట్టిగ పట్టుకో” అన్నాడు. బాసింగం సర్దుకుని, రెండు చేతులతో ముడిని ఎదకు అదుముకుంటూ ఇంజనులోకి తొంగిచూశాను.

చాచా లోపల కూర్చుని మెల్లగా క్లచ్ వదిలాడు. ఇంజను ఒక పక్క బెత్తెడు పైకి లేచింది, చేద నీళ్లు తాగనని మెడ ఎత్తిన బర్రెలాగా. దాని కింద రబ్బరు దిమ్మ రెండుగా చీలి నోరు తెరుచుకుంది. క్లచ్ తొక్కగానే ధన్‌మని కూలబడింది. తర్వాత వెనక గేరు వేసి చూశాడు. ఈసారి లేవలేదు. చీలిన నోరు మూసుకుని ఇంజను బుద్ధిగా కూర్చుంది.

అప్పటిదాకా మా ఆయనతో నేను ఒక్క మాట మాట్లాడింది లేదు. సిగ్గుతో మొహం చూడలేక ముడితో చెబుతున్నట్టు చెప్పాను: “మా ఇసుర్రాయి కింద గోనెపట్ట చినిగితె గిట్లనే ఒక్క దిక్కు లేస్తది. ఎన్కకు పోతె మంచిగనే కూసుంటుంది గదా?”

(ఏ పెండ్లికూతురైనా మగనితో మొదట ఏం మాట్లాడుతుందో నాకు తెలియదు. నేను మాట్లాడింది ఇది.)

ఆయన నవ్వాపుకోలేక చాచాకు చెప్పాడు. చాచా నెత్తి గోక్కున్నాడు. “నిజమే. ఇంజను జర ఊగాలె, ఊగకుంటె అది ముర్దా, సచ్చినట్టే. గాని ఏలెడు ఊగాలె, గిది బెత్తెడు ఎగురుతుంది. పొద్దుగాల నిన్ను తోల్కపోయేటప్పుడు గూడ ఎగిరింది బేటా, మీరంత ముచ్చట్లల్ల ఉంటిరి. పెండ్లిండ్లు అయినంక రబ్బరు ఏయిద్దామనుకున్న.”

“మరి గంతసేపు పిల్లను అంటుంటె నోరెందుకు మూసుకున్నవ్ చాచా?”

“మీ చిన్నమ్మ నడుమ నాకు సందెక్కడ దొరికింది!”

కారును తిప్పి, వెనకకు గడ్డ ఎక్కించడం మొదలుపెట్టాడు. ఒక్క ధన్ లేదు. శకునాలమ్మ మాత్రం కండ్లు మూసుకుని, “అత్తగారింటికి పోయే పిల్ల ఎన్కకు మర్లి సూడద్దంటరు, గిది మొత్తానికే ఎన్కకు పోవుడాయె” అని గొణుగుతూనే ఉంది. నాకు మాత్రం ముందరి అద్దంలోంచి మా ఊరి దారి కనిపిస్తూ ఉంది. గడ్డ పైకొచ్చేదాకా కనిపించింది.

పైన మా అత్త హారతిపళ్లెంతో ఎదురుచూస్తోంది. ముందు డిక్కీ వచ్చింది. ఆమె ఒక్క క్షణం ఆగి, ఏమీ ఎరగనట్టు డిక్కీకే హారతి తిప్పింది. చిన్నత్త దిగీ దిగకముందే అందుకుంది: “అక్కా, పిల్ల కాలు వెట్టిన కాన్నుంచి ఒకటే ఒణుకుడు. కొండగట్టుకు తోల్కపోవాలె.”

మా ఆయన రబ్బరు సంగతి చెప్పాడు. అత్త నా బొట్టు సరిచేస్తూ విన్నది.

“గాలి పట్టింది పిల్లకు గాదు, కారుకు. తోల్కపోతె గా కారునే తోల్కపోండ్రి” అన్నది. తర్వాత నా చెవి దగ్గర మెల్లగా, “అవ్వగారింటి దిక్కు మొకం వెట్టి వచ్చినవ్ బిడ్డా. మంచిదే. మర్సిపోకు” అన్నది.

అత్త ఆ మాట ఊరికే అనలేదు. ఏటా బతుకమ్మకు నేను నోరు తెరవకముందే బండి కట్టించి అవ్వగారింటికి పంపేది. మా ఆయన మాత్రం నాకు కోపమొచ్చినప్పుడల్లా, “చాచా, ఎన్క గేరెయ్యి” అనేవాడు. ఇక కోపం ఎక్కడుంటుంది!

మొన్న మనుమడి కారు ఆగినచోటల్లా వణుకుతుంటే, “రబ్బర్లు చూపియ్యిరా” అన్నాను. వాడు నవ్వుతూనే తీసుకుపోయాడు. మెకానిక్ బానెట్ ఎత్తి, వాణ్ని గేరు వేయమన్నాడు. నేనూ దిగి, పక్కకు నిలబడి చూశాను. బెత్తెడు లేచింది. అప్పుడు గమనించాను, నా రెండు చేతులూ వాటంతట అవే కొంగు చివర పోగుచేసి ఎదకు అదుముకున్నాయి. ఆ కొసన ముడీ లేదు, కండువా వేసుకున్న మనిషీ ఇప్పుడు లేడు. అయినా ఇంజను ఆపేదాకా పట్టుకునే ఉన్నాను.