పొద్దున్నే ‘నోరు ఖాళీ’

నిన్న పొద్దున నా ఫోను మొండికేసింది. పెరట్లో విచ్చిన మందారాన్ని ఫొటో తీయబోతే లోపల జాగా లేదు, పాతవి తీసేయమని తెర మీద చూపించింది. మా కోడలు దాన్ని తీసుకుని నాలుగు చోట్ల నొక్కి చూసి, జాగా తింటున్నవి ఫొటోలు కావనీ, ఒకే ఒక్క గ్రూపులో పేరుకుపోయిన వాయిస్ మెసేజీలనీ తేల్చి, అన్నీ ఒకేసారి తుడిచేయనా అని అడిగింది. నేను ఫోను లాక్కున్న వేగానికి ఆమెకు నవ్వొచ్చింది. ఒక్కొక్కటే విని అక్కర్లేనివి నేనే తీసేస్తానని చెప్పి వరండాలో కూర్చున్నాను. భోజనానికి పిలిచేదాకా లేవలేదు. తీసేసింది మాత్రం ఒక్కటీ లేదు.

నా ఈడు వాళ్ళకు పాతకాలపు పత్రికాఫీసులు గుర్తుండే ఉంటాయి. విజయనగరంలో మా డెస్కు ఒక మేడ మీది ఇరుకు గదిలో ఉండేది. కిటికీ తీస్తే కాగితాలు ఎగిరేవి, మూస్తే సిగరెట్ పొగ కదిలేది కాదు. రెండింటిలో కాగితాలే ముఖ్యమనుకుని కిటికీ మూసే ఉంచేవాళ్ళం. ఊళ్ళ నుంచి విలేకరులు చెప్పే వార్తల్ని, చెవికీ భుజానికీ మధ్య రిసీవరు ఇరికించుకుని, ఒక చేత కలం, ఇంకో చేత సిగరెట్టుతో రాసుకునేవాణ్ణి. గరగరలాడే ఆ లైన్ల పుణ్యమా అని, మనిషి పేరు చెప్పకముందే గొంతును బట్టి పోల్చే విద్య ఒకటి అబ్బింది. ఉద్యోగం అయిపోయాక సిగరెట్టు మిగిలింది గాని, ఆ విద్యతో ఇక పని లేదనుకున్నాను.

కొన్నేళ్ళకు బుగ్గ లోపల తెల్లటి మచ్చ ఒకటి కనిపించింది. ఆసుపత్రిలో పళ్ళ డాక్టరమ్మ టార్చి వేసి చూసి, ఇప్పటికి భయం లేదు, సిగరెట్టు మానకపోతే మాత్రం తరువాత నేను హామీ ఇవ్వలేనని చెప్పింది. మానడం ఎంత కష్టమో నేను వివరించబోతుంటే, నా ఫోను అడిగి తీసుకుని ఒక గ్రూపులో చేర్చేసి, కష్టం సంగతి వాళ్ళకు చెప్పుకోండి అంది. గ్రూపులంటే దేవుడి బొమ్మలూ, ఎవరో పంపిన సూక్తులూ అని నాకు తెలుసు. వారం ఆగి మర్యాదగా బయటికి జారుకుందామనుకున్నాను.

మర్నాడు తెరిచి చూస్తే అందులో ఒక్క అక్షరం లేదు. అన్నీ గొంతులే. చదువు రాని ఆడవాళ్ళే ఎక్కువ మంది. కూతురి ఫోనులోనో, కోడలి ఫోనులోనో మాట నింపి పంపేవాళ్ళు. వెనకాల కోళ్ళు అరిచేవి, బోరింగు కిర్రుమనేది, ఒకామె మాట మధ్యలో ఆపి గేదెను అదిలించి మళ్ళీ అందుకునేది. అందరూ పొగ మానేసినవాళ్ళు, లేదా మానడానికి కిందా మీదా పడుతున్నవాళ్ళు. వాళ్ళలో సిగరెట్టు తాగినవాణ్ణి నేనొక్కణ్ణే కాబోలు. మిగతావాళ్ళలో చాలామందిది అడ్డచుట్ట.

అడ్డచుట్ట చూడనివారికి రెండు మాటలు చెప్పాలి. మా శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆడవాళ్ళు చుట్టను నిప్పున్న కొస నోటి లోపలికి పెట్టుకుని కాలుస్తారు. సముద్రపు గాలికి నిప్పు ఆరకుండా అలా మొదలుపెట్టారని కొందరంటారు, రెండు చేతులకూ పనుండే మనిషికి అదే వీలని కొందరంటారు. మా అమ్మ అడ్డచుట్ట నోట్లో ఉండగానే పప్పు రుబ్బేది, మమ్మల్ని తిట్టేది, తమ్ముణ్ణి ఊయల ఊపుతూ పాడేది. పెదాలు బిగించి, నాలుకను నిప్పు కిందికి అణచి పలకడం వల్ల ఆ మాట మందంగా, చివరలు మొద్దుబారి వచ్చేది. వీధి చివర ఆడుకుంటున్నా ఆ గొంతు చెవిన పడితే, అమ్మ నోట్లో చుట్ట ఉంది, చేతిలో పని ఉంది, ఇప్పుడు పట్టుకోవడానికి రాదు అని మాకు ధైర్యం. ఇటువైపు పుట్టి పెరిగిన నా ఈడు వాళ్ళ చెవులకు ఆ గొంతు ఎంత తెలుసో చెప్పనలవి కాదు.

గ్రూపులో ఒక ఆచారం ఉండేది. పొద్దుట టీ తాగిన వెంటనే మొదటి చుట్ట కోసం ప్రాణం పీకుతుంది కదా, సరిగ్గా ఆ గడియకు ఒక్కొక్కరూ ‘నోరు కాళీ’ అని ఒక కబురు పంపాలి. నోట్లో ఏమీ లేదని అర్థం. అంతే. కబురు రానివాళ్ళకు మిగిలినవాళ్ళు ఫోను చేసి తగులుకునేవాళ్ళు. మొదట్లో నాకు చిన్నతనంగా ఉండేది గాని, నెల తిరిగేసరికి టీ గ్లాసు దించకుండానే ఫోను వెతుక్కోవడం అలవాటైంది. డెస్కులో పని చేసిన అన్నేళ్ళలో నేను ఎదురుచూసిన వార్త ఏదీ ఆ రెండు మాటలంత ఉత్సాహం ఇవ్వలేదంటే నమ్మండి.

వారిలో ముగ్గురు నాకు బాగా దగ్గరయ్యారు. ఒకాయన బొబ్బిలి సంతలో బెల్లం వ్యాపారి, అందరికీ బావ. ఒకావిడ కోటబొమ్మాళి దగ్గర వరి పండించే ఇంటి ఇల్లాలు, అందరికీ వదిన. ఇంకొకామె సముద్రపొడ్డున చేపలమ్మే మనిషి, అందరికీ అప్ప. మా వైపు అక్కను అప్ప అంటాం. ఈ లెక్కన ఎవరికెవరు ఏమవుతారో వరసలు కుదరవు, కుదర్చాలని ఎవరూ చూడలేదు. బాబును ఇటు బావు అంటారు, అలా నేను పేపరు బావును. అప్ప గొంతు వింటే చాలు, గ్రూపంతా లేచి కూర్చునేది. తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళ మీద చేపలమ్మే మనిషి కదా, ఆమె ‘నోరు కాళీ’ అంటే నా వరండాలో కాకులు లేచేవి.

ఆ అప్ప గురించే మా బెంగంతా. ఆమె అంగిట్లో డాక్టరమ్మకు ఎర్రటి మచ్చ కనిపించింది. చలికాలం అయ్యేదాకా నోట్లో నిప్పు పెట్టకుండా ఉండి మళ్ళీ రమ్మంది. అప్పటికీ ఎరుపు తగ్గకపోతే ముక్క తీసి పరీక్షకు పంపాలి, అందులో చెడు తేలితే అంగిలి కొంత కోసేయవలసి రావచ్చు. కోస్తే మాట ఎలా వస్తుందో చెప్పలేమంది. అప్ప మాకు ఆ సంగతి చెప్పిన రోజున ఒక్కటే అంది.

“కేక నేకపోతే సేపలెవులు కొంతారు బావూ? మూగోలి తట్ట కాడికెవులొస్తారు?”

ఆ రోజు నుంచి ఆమె పొద్దుటి కబురు కోసం గ్రూపు మొత్తం చెవులు రిక్కించుకుని ఉండేది.

పరీక్ష గడువు ఇంకో వారంలో ఉందనగా ఒక పొద్దున ఆ కబురు వచ్చింది. మాట మందంగా, చివరలు మొద్దుబారి ఉంది. మళ్ళీ విన్నాను. అనుమానం లేదు, అది నోట్లో చుట్ట ఉన్న గొంతే. నాకే కాదు, అందరికీ అలాగే తోచిందట. బావ ఆగలేకపోయాడు. మానేసినవాడికి మానుతున్నవాళ్ళ మీద అనుమానం ఎక్కువ.

“ఓలప్పా, నోట్లో సుట్టెట్టుకోని నోరు కాళీ అంతన్నావేటి? మాకు సెవుల్లేవనుకున్నావేటి?”

కాసేపటికి అప్ప గ్రూపు నుంచి వెళ్ళిపోయినట్టు తెర మీద ఒక వాక్యం కనిపించింది. ఫోను చేస్తే కట్టేసి ఉంది. ఆ రోజూ లేదు, మర్నాడూ లేదు. పొద్దుటి కబుర్లన్నీ వస్తున్నాయి గాని చేపల తట్ట దిగని వీధిలా ఉంది గ్రూపు. వదిన మెల్లగా అడిగింది, ఈ అలకలో ఆమె పరీక్షకు కూడా పోకపోతేనో అని. ఆ మాటతో బావ గొంతు మారిపోయింది. నేను పోతాను, కాళ్ళు పట్టుకునైనా తీసుకొస్తాను అన్నాడు. ఒక్కడివే పోతే తట్టతో కొడుతుంది, మేమూ వస్తామన్నాం.

అలా, నెలల తరబడి గొంతులుగా మాత్రమే తెలిసిన మనుషులం మొదటిసారి ఒకరినొకరు చూసుకోబోయాం. బావ బొబ్బిలి నుంచి పొద్దున్నే బస్సులో విజయనగరం వచ్చి స్టేషనులో కలుస్తానన్నాడు. ఆయన ముఖం నేనెప్పుడూ చూడలేదు. ప్లాట్‌ఫారం మీద జనంలో ఎవరని వెతకను? ఇంతలో టీ బండి దగ్గర ఎవరో పంచదార తక్కువైందని గొడవ పడుతూ మధ్యలో ఒక దగ్గు దగ్గారు. చాలు. వెనక నుంచి వెళ్ళి ‘బావా’ అన్నాను. ఆయన తిరగకుండానే ‘పేపరు బావు’ అన్నాడు. ఇద్దరం ఒకరి చేతులొకరు పట్టుకుని పిల్లల్లా నవ్వాం. లావుపాటి మనిషిని ఊహించుకున్నాను, చెరకు గడలా ఉన్నాడు. ఆయన నన్ను పొడుగనుకున్నాడట. ఉద్యోగంలో చేరిన రోజున కూడా నాకంత హుషారు లేదు.

కోటబొమ్మాళి స్టేషనులో మేం దిగి మాట్లాడుకుంటూ వస్తుంటే, సిమెంటు బల్ల మీద నుంచి ఒకావిడ లేచి నేరుగా మా ముందుకొచ్చి నిలబడింది. వదిన. మా మాటలు వినే పోల్చింది. మిరపకాయ బజ్జీల పొట్లం విప్పి ముందు తినమంది, తరువాతే ఆటో ఎక్కనిచ్చింది. తోటల మధ్య నుంచి ఇసుక దారి పట్టేసరికి బావ మాటలు తగ్గాయి. ఆమె ముందు ఏమనాలో దారంతా సాధన చేసుకుంటున్నాడు.

పల్లెలో ఎవరినీ దారి అడగక్కర్లేకపోయింది. వలలు ఆరబెట్టిన గుంజల అవతల నుంచి గొంతు వినిపించింది. ఎండు నెత్తళ్ళ చేపల మీద వాలుతున్న కాకుల్ని తిడుతోంది. అదే మందపు మాట, అదే మొద్దుబారిన చివర. బావ ఠక్కున ఆగిపోయి, విన్నారా, నేనన్నది తప్పా అన్నట్టు మా వైపు చూశాడు. వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గుంజలు దాటి వెళ్ళాం. అప్ప మా వైపు తిరిగింది. ఆమె పెదాల మధ్య, సరిగ్గా చుట్ట పెట్టే చోట, అంతే లావున, అంతే పొడుగున ఉన్నది చుట్ట కాదు, తేగ. ఉడకబెట్టిన తాటి తేగ ముక్క. తేగల రోజులు కదా, టీ తరువాత నోరు లాగితే ఆ ముక్క పెదాల మధ్య ఇరికించుకుని, పీచు మెల్లగా నములుతూ పని చేసుకునేదట. అలవాటైన నోటికి అలవాటైన ఆకారం దొరికింది. మాట కూడా పాత మాటే అయింది.

మేమెవరమో చెప్పకముందే బావ గొంతు సవరించుకున్నాడు. ఆ దగ్గు చాలు ఆమెకు. తేగ నోట్లోంచి తీసి, నిప్పు లేని రెండు కొసలూ ఆయన ముఖం ముందు తిప్పింది.

“నోట్లోకి సూసి మాటాడాల గాని, సెవితో సూసి మాటాడతారేటి?”

దారంతా సాధన చేసిన మాటలన్నీ బావకు మరుపుకొచ్చాయి.

“తప్పైపోనాది అప్పా. నా సెవులు మాయమ్మ కాడ సదువుకున్నాయి. ఆ సదువే నన్ను తప్పుదోవ పట్టించినాది.”

అప్పకూ ఒక అమ్మ ఉండేది కదా, ఆ అమ్మ నోట్లోనూ చుట్ట ఉండేది కదా. లోపలికి వెళ్ళి ఇంకో తేగ తెచ్చి, మెత్తటి చోట విరిచి బావ చేతికిచ్చింది. అది పెదాల మధ్య పెట్టుకుని, గ్రూపులో అందరూ వినేలా పొద్దుటి కబురు చెప్పమంది. బావ బుద్ధిగా చెప్పాడు. వదిన ఫోనులో మళ్ళీ వేసి విన్నాం. అచ్చం మా అమ్మలందరి గొంతు బావ మీసాల కింద నుంచి వస్తోంది. అప్ప ఇసుకలో కూలబడి నవ్వింది. ఊళ్ళ నుంచి నవ్వులే జవాబుగా వచ్చాయి, ఒకదాని మీద ఒకటి, ఫోను ఆగకుండా మోగింది. మళ్ళీ గ్రూపులో చేరతావా అని వదిన అడిగితే, పరీక్ష నాడు మీరంతా వస్తే చేరతానంది. డాక్టరమ్మ కూడా చూడకుండానే తప్పుబడుతుందేమోనని, మేం వెళ్ళకపోతే నిజంగానే పరీక్షకు పోవడం మానేసేదట.

ఆ రోజు ఆసుపత్రి వరండాలో ముగ్గురం బల్ల మీద వరసగా కూర్చున్నాం. లోపల టార్చి వేసి ఎంతసేపు చూస్తారు? బావ లేచి నడవడం, కూర్చోవడం, మళ్ళీ లేవడం. వదిన కొంగు చివర ముడి వేసి విప్పుతోంది. నేను గోడ మీది బోర్డులో అచ్చుతప్పులు వెతుక్కున్నాను, భయం వేస్తే నాకదే పని. తలుపు తెరుచుకుంది. అప్ప వచ్చి మా ఎవరి ముఖమూ చూడకుండా తిన్నగా మెట్లు దిగి ఆవరణలోకి పోయింది. మేం వెనకాలే దిగాం. అక్కడ వేపచెట్టు కింద నిలబడి, నెత్తిన లేని తట్టను ఒక చేత్తో పట్టుకున్నట్టు పట్టి, తలెత్తి కేక వేసింది.

“సేపలమ్మో... నెత్తళ్ళూ, కానాగంతలూ... సేపలు!”

మందుల వరసలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఒకామె నిజమే అనుకుని సంచి పట్టుకుని వచ్చింది కూడా. పైన కిటికీలోంచి డాక్టరమ్మ నవ్వుతూ చెయ్యి ఊపింది. ఎరుపు తగ్గిపోయింది, కోత అక్కర్లేదు, అప్పుడప్పుడూ వచ్చి చూపించుకుంటే చాలట. బావ కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇది జరిగి రెండు చలికాలాలు దాటింది. గ్రూపు ఇప్పుడు బాగా పెరిగింది. కొత్తగా చేరినవాళ్ళకు చదువుంది, పొద్దుటే నోరు తెరిచిన పసిపాప బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటారు, అదే ‘నోరు ఖాళీ’ అన్నమాట. గొంతులు తగ్గాయి. అప్ప మాత్రం ఇప్పటికీ కేకే వేస్తుంది, నా కాకులు ఇప్పటికీ లేస్తాయి.

నిన్న అన్నీ విని, చివరికి పాత మందారాల ఫొటోలే తీసేసి జాగా చేశాను. అందరికంటే ఎక్కువసార్లు విన్నది, అప్ప మీద నింద తెచ్చిన ఆ తేగ కబురు. మా అమ్మ పోయేనాటికి మాటను పట్టి దాచే ఫోనులు లేవు. ఆమె ఫొటో ఒకటుంది గాని గొంతు ఎక్కడా లేదు. పెదాలు బిగించి పలికే ఆ మందపు మాట మా వైపు ఇళ్ళలో ఇక వినిపించకూడదనే కదా మేమంతా పొద్దున్నే లేచి ఇంత పాటుపడేది. నా మనవరాలికి అది తెలియదు, తెలియక్కర్లేదు కూడా. అయినా మధ్యాహ్నం అందరూ నిద్రపోయాక ఫోను చెవి దగ్గర పెట్టుకుని మరోసారి విన్నాను. చుట్ట లేదు, నిప్పు లేదు, లోపలున్నది తేగ ముక్కేనని నాకు తెలుసు. వీధి చివర ఆడుకుంటున్న నన్ను ఎవరో అన్నానికి పిలిచినట్టే ఉంది.